హత్య కేసుల్లో వ్యక్తిత్వ పరీక్షలు: అవి ఏం చెప్పగలవు, ఏం చెప్పలేవు

ఈసారి స్కాలర్‌షిప్ దరఖాస్తులతో పాటు వచ్చిన ఉత్తరాల్లో ఇద్దరు ముగ్గురు విద్యార్థులు సైకాలజీ చదవాలని ఉందని, అందులోనూ నేరాలకు, కోర్టులకు సంబంధించిన ఫోరెన్సిక్ సైకాలజీ మీద ఆసక్తి ఉందని రాశారు. చాలా సంతోషం. అయితే వాళ్ల తల్లిదండ్రులతో మాట్లాడినప్పుడు ఒక సందేహం పదేపదే వినిపించింది. "హత్య చేసినవాడికి ఏవో పరీక్షలు పెట్టి వాడి మనసులో ఉన్నది చెప్పేస్తారటగా, నిజమేనా? పిచ్చివాడినని నటించి తప్పించుకోవచ్చటగా?" అని. ఈ వ్యాసం ఆ సందేహానికి జవాబు.

నేను డాక్టరును కాను, లాయరును కాను. కామర్స్ చదివి బ్యాంకులో గుమస్తాగా పనిచేసి రిటైరయినవాణ్ణి. పుస్తకాలు, తీర్పులు చదివి తెలుసుకున్నదాన్ని మన పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడమే నా ప్రయత్నం.

మదనపల్లె నేర్పిన ప్రశ్న

2021 జనవరి 24న చిత్తూరు జిల్లా మదనపల్లెలో జరిగిన సంఘటన తెలుగువారందరినీ కలచివేసింది. బాగా చదువుకున్న తల్లిదండ్రులు, పాఠాలు చెప్పే వృత్తిలో ఉన్నవారు, ఎదిగిన తమ ఇద్దరు కూతుళ్లను ఇంట్లోనే చంపారన్నది అభియోగం. చనిపోయిన పిల్లలు మళ్లీ లేచి వస్తారని వారు నమ్మినట్టు పోలీసులు అప్పట్లో చెప్పారు. అరెస్టు తరువాత తిరుపతి రుయా ఆసుపత్రి వైద్యులు వారిని చూశారు. అక్కడి నుంచి విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు పంపారు.

ఆ రోజుల్లో టీ కొట్టు దగ్గర కూడా అదే చర్చ. సగం మంది "అది పిచ్చి, పాపం" అన్నారు. మిగతా సగం "అంతా నాటకం, శిక్ష తప్పించుకోవడానికి" అన్నారు. ఎవరికీ వాళ్లు తెలియదు, ఎవరూ వాళ్లతో మాట్లాడలేదు. అయినా అందరూ తీర్పు చెప్పేశారు. ఆ కేసులో ఎవరు దోషులు అన్నది నేను చర్చించబోవడం లేదు, అది కోర్టు పని. కానీ ఇలాంటి మనుషుల్ని ఆసుపత్రికి ఎందుకు పంపుతారు, అక్కడ ఏం చూస్తారు అన్నది మనం తెలుసుకోవలసిన విషయం.

చట్టం అడిగే మూడు ప్రశ్నలు

ముందు చట్టం సంగతి. హత్య కేసులో నిందితుడి మానసిక స్థితి గురించి చట్టం మూడు వేర్వేరు ప్రశ్నలు అడుగుతుంది. ఈ మూడింటినీ కలిపేయడం వల్లనే సగం గందరగోళం.

మొదటిది: ఇప్పుడు ఈ మనిషి విచారణ ఎదుర్కోగల స్థితిలో ఉన్నాడా? అంటే తన మీద ఉన్న నేరం ఏమిటో అర్థం చేసుకుని, లాయరుకు విషయం చెప్పుకోగలడా? లేదంటే విచారణ ఆపి వైద్యం చేయించాలి. ఇది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 367వ సెక్షన్ నుంచి మొదలవుతుంది.

రెండవది: నేరం జరిగిన ఆ సమయంలో ఇతని స్థితి ఏమిటి? మతిస్థిమితం లేనందువల్ల తాను చేస్తున్నది ఏమిటో, అది తప్పనో చట్టవిరుద్ధమనో తెలుసుకోలేని స్థితిలో ఉంటే అది నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ చెబుతోంది. 2024 జూలై 1కి ముందు ఇదే నియమం భారత శిక్షాస్మృతిలో 84వ సెక్షన్‌గా ఉండేది. దీని మూలం 1843లో ఇంగ్లండులో ఉంది. డేనియల్ మెక్‌నాటన్ అనే వ్యక్తి ప్రధానమంత్రి రాబర్ట్ పీల్ కార్యదర్శిని కాల్చి చంపాడు. తనను కొందరు వెంటాడి వేధిస్తున్నారన్న భ్రమలో అతను ఉన్నట్టు తేలింది. అతన్ని నిర్దోషిగా వదిలారు కానీ ఇంటికి పంపలేదు, చివరి దాకా ఆశ్రమాల్లోనే ఉంచారు. ఆ కేసు తరువాత ఏర్పడిన సూత్రాలే మన చట్టంలోకి వచ్చాయి.

యానాం వారికి ఇక్కడ ఒక విశేషం చెప్పాలి. 1954లో మన ఊరు భారతదేశంలో కలిసే దాకా ఇక్కడ నడిచినవి ఫ్రెంచి చట్టాలు. 1810 నాటి ఫ్రెంచి శిక్షాస్మృతి 64వ అధికరణం ప్రకారం చేసిన సమయంలో మతి చలించి ఉన్నవాడి విషయంలో నేరమే లేదు. అంటే మన తాతల కాలంలో ఊరి పొలిమేరకు అటువైపు ఇంగ్లీషువారి నియమం, ఇటువైపు ఫ్రెంచివారి నియమం. మాటలు వేరైనా రెండూ ఒప్పుకున్నది ఒక్కటే, తెలివి లేని స్థితిలో చేసినదానికి ఉరి వేయడం న్యాయం కాదని. ఇప్పుడు రెండు వైపులా చట్టం ఒకటే. పైకోర్టులే వేరు, మనకు మద్రాసు హైకోర్టు, పొరుగున ఉన్న తాళ్లరేవుకు అమరావతి హైకోర్టు.

మూడవ ప్రశ్న శిక్షకు సంబంధించినది. నేరం రుజువైంది, మతిస్థిమితమూ ఉంది. అయినా ఇతను ఎలాంటి మనిషి, ఎలా పెరిగాడు, మారే అవకాశం ఉందా? ఉరిశిక్షా, యావజ్జీవమా అని తేల్చేటప్పుడు ఈ ప్రశ్న వస్తుంది. మనోజ్ కేసులో సుప్రీంకోర్టు 2022 మే 20న ఇచ్చిన తీర్పులో, ఉరిశిక్షకు అవకాశం ఉన్న కేసుల్లో నిందితుడి మానసిక పరిశీలన నివేదికను ప్రభుత్వం కోర్టు ముందు పెట్టాలని చెప్పింది.

వ్యక్తిత్వ పరీక్ష అన్నది ముఖ్యంగా ఉపయోగపడేది ఈ మూడవ ప్రశ్నకు. మొదటి రెండు ప్రశ్నలకు అది పక్కనుంచి సాయం చేస్తుందే తప్ప జవాబు చెప్పదు. ఈ తేడా గుర్తుంచుకుంటే మిగిలినదంతా తేలికగా అర్థమవుతుంది.

వ్యక్తిత్వం వేరు, మతిస్థిమితం వేరు

తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీన్ని మూర్తిమత్వం అంటారు. మనిషి ఆలోచించే తీరు, కోపతాపాలు, నలుగురితో మెలిగే పద్ధతి, ఇవన్నీ కలిపి ఏళ్ల తరబడి పెద్దగా మారకుండా ఉండే స్వభావం. ఒకడు ముక్కోపి, ఒకడు అనుమానపు మనిషి, ఒకడు ఎవరి బాధా పట్టనివాడు. ఈ గుణాలు మరీ శ్రుతి మించి, తనకూ ఇతరులకూ నష్టం చేసే స్థాయికి చేరితే వైద్యులు దాన్ని వ్యక్తిత్వ లోపం అంటారు.

మతి చలించడం ఇది కాదు. స్కిజోఫ్రినియా వంటి జబ్బులో లేని మాటలు వినిపిస్తాయి, ఎవరో చంపడానికి వస్తున్నారన్న భ్రమ గట్టిగా పట్టుకుంటుంది. స్వభావం పుట్టుకనుంచి పెంపకం దాకా కలిసి వచ్చినది, జబ్బు మధ్యలో వచ్చి పడినది. ముక్కోపికి తాను చేస్తున్నది తప్పని తెలుసు. అందుకే 2007లో బాపూ కేసులో, 2011లో సురేంద్ర మిశ్రా కేసులో సుప్రీంకోర్టు ఒక విషయం స్పష్టం చేసింది. వైద్యుడు జబ్బు ఉందన్నంత మాత్రాన, లేదా మనిషి వింత స్వభావం కలవాడైనంత మాత్రాన చట్టం ఇచ్చే రక్షణ దొరకదు. ఆ క్షణంలో తెలుసుకునే శక్తి పోయిందని చూపించాలి. అది చూపించే బాధ్యత నిందితుడిదే. కాకపోతే ప్రాసిక్యూషన్ రుజువు చేసినంత గట్టిగా అక్కరలేదు, ఉండవచ్చు అనిపించే మేరకు చూపితే చాలునని 1964లోనే దహ్యాభాయి కేసులో చెప్పారు.

ఆసుపత్రిలో జరిగేది

కోర్టు పంపిన నిందితుణ్ణి ఒక గంట చూసి కాగితం రాసి ఇచ్చేయరు. సాధారణంగా వార్డులో చేర్చుకుని కొన్ని రోజులు, అవసరమైతే వారాలు పరిశీలిస్తారు. డాక్టరు ముందు ఎలా ఉన్నాడు అన్నది ఒకటి. ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు ఎలా తింటున్నాడు, ఎలా నిద్రపోతున్నాడు అన్నది మరొకటి, దాన్ని నర్సులు రాసి పెడతారు. ఇంటివాళ్లను పిలిచి చిన్నప్పటి నుంచి సంగతులు అడుగుతారు. పాత మందుల చీటీలు, బడి రికార్డులు, పోలీసు కాగితాలు చూస్తారు. తలకు దెబ్బలు, మూర్ఛ, మద్యం అలవాటు ఉన్నాయా అని పరీక్షిస్తారు. వీటన్నిటితో పాటు క్లినికల్ సైకాలజిస్టు తెలివితేటల పరీక్ష, వ్యక్తిత్వ పరీక్ష చేస్తాడు.

వ్యక్తిత్వ పరీక్షలు రెండు మూడు రకాలు. మొదటి రకం ప్రశ్నావళి. అందులో పేరు పొందినది ఎం.ఎం.పి.ఐ. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో హాతవే, మెకిన్లీ అనే ఇద్దరు తయారుచేయగా 1943లో వెలువడింది. 1989లో వచ్చిన రెండవ రూపంలో 567 వాక్యాలు ఉంటాయి. ఒక్కొక్కదానికి అవును, కాదు అని గుర్తు పెట్టాలి. 2020లో వచ్చిన మూడవ రూపంలో వాక్యాలను 335కి తగ్గించారు.

రెండవ రకం బొమ్మల పరీక్ష. స్విట్జర్లాండ్ వైద్యుడు హెర్మన్ రోర్షాక్ 1921లో ప్రకటించిన సిరా మరకల కార్డులు పది. ఒక్కొక్కటి చూపించి "ఇందులో నీకేం కనబడుతోంది?" అని అడుగుతారు. ఆకాశంలో మబ్బును చూసి ఒకరు ఏనుగు అంటారు, మరొకరు రథం అంటారు కదా, అలాంటిదే. అయితే మబ్బు చూసి మనం చెప్పేదానికి మార్కులు ఉండవు. ఇక్కడ జవాబులను పద్ధతి ప్రకారం లెక్కకడతారు.

మూడవది పరీక్షకుడే మార్కులు వేసేది. కెనడాకు చెందిన రాబర్ట్ హేర్ తయారుచేసిన జాబితాలో 20 అంశాలు ఉంటాయి. జాలి లేకపోవడం, అలవోకగా అబద్ధాలాడటం, చేసినదానికి పశ్చాత్తాపం లేకపోవడం వంటివి. ఒక్కొక్కదానికి 0, 1, 2 మార్కులు, మొత్తం 40. మాటల మీద నమ్మకం పెట్టకుండా పాత రికార్డులతో సరిచూసి మాత్రమే ఈ మార్కులు వేయాలన్నది నియమం.

అబద్ధం చెబితే?

ఇదే అందరూ అడిగే ప్రశ్న. అవును, కాదు అని గుర్తు పెట్టే పరీక్షలో ఎవడైనా అబద్ధం చెప్పవచ్చు కదా? చెప్పవచ్చు. పరీక్ష తయారుచేసినవారికీ అది తెలుసు. అందుకే ఎం.ఎం.పి.ఐ.లో జబ్బుల కొలతలతో పాటు, జవాబులను నమ్మవచ్చా అని చూసే కొలతలు కూడా పెట్టారు.

ఒక కొలత మరీ మంచివాడుగా కనబడాలని చూసేవారిని పట్టుకుంటుంది. నాకు జీవితంలో ఎప్పుడూ కోపం రాలేదు, ఎప్పుడూ చిన్న అబద్ధం కూడా ఆడలేదు అన్న ధోరణిలో జవాబులిస్తే అనుమానించాలి. మరొక కొలత దీనికి తిరుగుడు. నిజంగా జబ్బు ఉన్నవారు కూడా అరుదుగా ఒప్పుకునే వింత వాక్యాలన్నిటికీ అవును అని పెట్టేవాడు, ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపిస్తూ ఉండవచ్చు. ఇంకొక కొలత ఒకే అర్థం వచ్చే రెండు వాక్యాలను దూరదూరంగా పెట్టి, జవాబులు కలుస్తున్నాయా లేదా చూస్తుంది. బ్యాంకులో రోజు చివర డెబిట్, క్రెడిట్ టాలీ కాకపోతే ఎక్కడో తేడా ఉందని తెలుస్తుంది. ఆ తేడా దొంగతనమో, పొరపాటో టాలీ చెప్పదు, వోచర్లు తీసి చూడాలి. ఈ కొలతలూ అంతే. జవాబులు సరిగ్గా లేవని చెబుతాయి, ఎందుకు లేవో చెప్పవు.

ఇది చాలా ముఖ్యం. నిజంగా భయంతో, అయోమయంతో ఉన్నవాడూ అన్నిటికీ అవును పెట్టవచ్చు. చదువు రానివాడు అర్థం కాక పెట్టవచ్చు. కౌంటరులో పనిచేసిన రోజుల్లో నేను వేలు ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టేసిన మనుషుల్ని వందల మందిని చూశాను. ఏం రాసి ఉందని అడిగినవారు తక్కువ. అలాంటివాడి చేతికి జైల్లో 567 వాక్యాల కాగితం ఇస్తే ఏం చేస్తాడు? అందుకే కొలత తేడాగా వచ్చింది కనుక నటిస్తున్నాడు అని ఆ ఒక్కదాని మీద రాయడం మంచి వైద్యుడు చేసే పని కాదు. నర్సు రాసిన నోట్సు, ఇంటివాళ్ల మాట, పాత చీటీలు కూడా అదే చెబుతున్నాయా అని చూస్తాడు.

పరీక్ష ఆగిపోయే చోట్లు

మొదటిది, పోల్చి చూసే మనుషులు. ఏ మార్కు ఎక్కువ, ఏది తక్కువ అని చెప్పాలంటే మామూలు మనుషుల మార్కులు తెలియాలి. మొదటి ఎం.ఎం.పి.ఐ.కి అలా పోల్చింది మిన్నెసోటాలో ఆసుపత్రికి రోగులను చూడటానికి వచ్చిన ఏడు వందలకు పైగా బంధువులను, స్నేహితులను. ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చిన తెల్లవారు. 1989లో 2,600 మంది అమెరికన్లతో దాన్ని సరిచేశారు. కోనసీమలో కొబ్బరి దింపు తీసే మనిషిని, గోదావరి మీద వల వేసే మనిషిని ఆ లెక్కతో తూస్తే తూకం సరిగ్గా వస్తుందా? తెలుగులోకి తర్జుమా చేయడం ఒక్కటే చాలదు. చేసినదాన్ని వేరొకరు తిరిగి ఇంగ్లీషులోకి మార్చి చూడాలి, ఆ తరువాత తెలుగువారి మీదే మార్కులు కట్టాలి.

రెండవది, నమ్మకాలు. పూనకం వచ్చిన మనిషి నోట అమ్మవారు మాట్లాడుతుందని మన పల్లెల్లో నమ్మేవారు ఉన్నారు. పరీక్షలో కనిపించని శక్తుల ప్రస్తావన వస్తే వాళ్లు అవును అంటారు. అది జబ్బు కాదు, వారి చుట్టూ ఉన్న నలుగురూ నమ్మేదే. ఒక సమాజం అంతా పంచుకునే నమ్మకాన్ని భ్రమగా లెక్క వేయకూడదన్నది వైద్యశాస్త్రం కూడా ఒప్పుకున్న మాట. మరి నమ్మకం ఎక్కడ ఆగుతుంది, భ్రమ ఎక్కడ మొదలవుతుంది? మదనపల్లె వంటి కేసులో వైద్యుల ముందున్న కష్టమైన ప్రశ్న ఇదే. దీనికి మార్కుల కాగితంలో జవాబు ఉండదు. ఆ ఊరి భాష, ఆచారం తెలిసిన వైద్యుడు కూర్చుని మాట్లాడితే తప్ప తేలదు.

మూడవది, హంతకుడి స్వభావం అంటూ ఒకటి లేకపోవడం. కోపిష్ఠివాడే చంపుతాడని మనం అనుకుంటాం. 1960ల్లో అమెరికాలో మెగార్జీ అనే శాస్త్రజ్ఞుడు తీవ్రమైన హింసా నేరాలు చేసినవారిని పరిశీలిస్తే, వారిలో కొందరు మరీ సౌమ్యులుగా తేలారు. కోపాన్ని ఏళ్ల తరబడి అణచుకుని, నోరెత్తకుండా ఉండి, ఒకనాడు ఒక్కసారిగా పగిలినవారు. "చీమకైనా హాని తలపెట్టడు, వీడు ఇలా చేశాడా?" అని ఊరివాళ్లు నోళ్లు వెళ్లబెట్టేది ఇలాంటివారి గురించే. ఈ రకాన్ని గుర్తించడానికి ఎం.ఎం.పి.ఐ.లో నుంచే 1967లో ఒక ప్రత్యేక కొలత తయారుచేశారు. కోపం మార్కు తక్కువ ఉంది కనుక ఇతను చంపి ఉండడు అనడమూ, ఎక్కువ ఉంది కనుక ఇతనే చంపాడు అనడమూ రెండూ తప్పే. హత్య చేసిందీ లేనిదీ సాక్ష్యం తేల్చాలి, స్వభావం కాదు.

నాలుగవది లెక్క. విద్యార్థులు కాగితం, పెన్ను తీసుకోండి. ఊహకు పదివేల మందిని తీసుకుందాం. వారిలో అయిదుగురు ముందు ముందు ఘోరమైన హింస చేస్తారనుకుందాం. మన పరీక్ష చాలా మంచిది, అలాంటివారిలో నూటికి ఎనభై మందిని పట్టుకుంటుంది, అమాయకుల్లో నూటికి పది మందినే పొరపాటున పట్టుకుంటుంది అనుకుందాం. అయిదుగురిలో నలుగురు దొరుకుతారు. మిగిలిన 9,995 మందిలో సుమారు వెయ్యిమంది అమాయకులూ దొరుకుతారు. అంటే ప్రమాదకరం అని ముద్ర పడిన సుమారు వెయ్యిన్ని నలుగురిలో నిజంగా ప్రమాదం చేసేవారు నలుగురే. అరుదుగా జరిగేదాన్ని ముందే చెప్పబోతే లెక్క ఇలాగే ఉంటుంది.

లోకంలో జరిగిన రెండు ఉదాహరణలు

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో జేమ్స్ గ్రిగ్సన్ అనే మానసిక వైద్యుడు ఉండేవాడు. హత్య కేసుల్లో సాక్ష్యం చెప్పి, ఈ మనిషి మళ్లీ తప్పక హింస చేస్తాడని ధీమాగా అనేవాడు. బేర్‌ఫుట్ అనే ముద్దాయి విషయంలో అతన్ని ఒక్కసారి కూడా పరీక్షించకుండానే అలా చెప్పాడు. ఇలాంటి జోస్యాల్లో మూడింట రెండు తప్పుతాయని అమెరికా మానసిక వైద్యుల సంఘమే కోర్టుకు విన్నవించింది. అయినా 1983లో అక్కడి సుప్రీంకోర్టు ఆ సాక్ష్యం చెల్లుతుందని అంది. మరుసటి ఏడాది బేర్‌ఫుట్‌కు మరణశిక్ష అమలైంది. 1995లో ఆ సంఘం గ్రిగ్సన్‌ను బహిష్కరించింది. ప్రాణం పోయిన తరువాత బహిష్కరణ వల్ల ఏం లాభం?

రెండవది నార్వే. 2011 జూలై 22న ఆండెర్స్ బ్రెయివిక్ అనేవాడు 77 మందిని చంపాడు. కోర్టు నియమించిన ఇద్దరు వైద్యులు అతనికి స్కిజోఫ్రినియా ఉందని, మతిస్థిమితం లేదని రాశారు. దేశమంతా గగ్గోలు పుట్టింది. కోర్టు మరో ఇద్దరిని వేసింది. వాళ్లు జబ్బు లేదు, ఉన్నది తనను తాను గొప్పవాడిగా భావించే వ్యక్తిత్వ లోపం అని 2012లో రాశారు. విశేషం ఏమిటంటే ఆ ముద్దాయి కూడా తనను పిచ్చివాడనవద్దని పట్టుబట్టాడు. న్యాయమూర్తులు రెండు నివేదికలూ చదివి, వైద్యులను గంటల తరబడి ప్రశ్నించి, 2012 ఆగస్టు 24న మతిస్థిమితం ఉన్నదనే నిర్ణయించి 21 ఏళ్ల నిర్బంధం విధించారు. ప్రమాదం ఉందనిపిస్తే దాన్ని పొడిగించే వీలుంది.

మొదటి కేసులో ఒక నిపుణుడి ధీమాయే సాక్ష్యమైంది. రెండవదానిలో నిపుణులు విభేదించారు, విభేదించినందువల్లనే కోర్టు లోతుగా చూసింది. మన చట్టంలో కూడా ఇలాంటి దారి ఉంది. మతిస్థిమితం గురించి సైకియాట్రిస్టో, క్లినికల్ సైకాలజిస్టో చెప్పినదాని మీద నిందితుడికి అభ్యంతరం ఉంటే మెడికల్ బోర్డుకు వెళ్లవచ్చునని 367వ సెక్షన్‌లోనే ఉంది. ఎంత గొప్ప నిపుణుడి మాట అయినా అభిప్రాయమే, నిర్ణయం న్యాయమూర్తిది.

నార్కో పరీక్ష ఇది కాదు

సినిమాలు, టీవీలు చూసి చాలామంది దీన్నీ నార్కో పరీక్షనూ ఒకటే అనుకుంటారు. మత్తుమందు ఇచ్చి మాట్లాడించే నార్కో, గుండె వేగం, చెమట వంటివి కొలిచే అబద్ధాల యంత్రం, మెదడు తరంగాలు చూసే పరీక్ష, ఈ మూడూ నేర పరిశోధన కోసం చేసేవి. వీటిని ఎవరి మీదా బలవంతంగా చేయకూడదని 2010 మే 5న సెల్వీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వ్యక్తిత్వ పరీక్ష నిజం కక్కించడానికి కాదు, మనిషిని అర్థం చేసుకోవడానికి. అది కూడా అతను మనస్ఫూర్తిగా జవాబిస్తేనే పనికివస్తుంది.

మతిస్థిమితం లేదని తేలితే ఊరికే వదిలేస్తారన్నది మరో అపోహ. అలా తేలినవారిని సురక్షితమైన నిర్బంధంలో ఉంచమని, లేదా పూచీ తీసుకుని జాగ్రత్తగా చూసుకుంటామనే బంధువులకు అప్పగించమని కోర్టు ఉత్తర్వు ఇస్తుంది. అది సురక్షా సంహిత 374వ సెక్షన్. ఆసుపత్రిలో గడిపే కాలం ఒక్కోసారి శిక్షాకాలం కంటే ఎక్కువే అవుతుంది.

చదవాలనుకునే విద్యార్థులకు

ఈ రంగానికి రెండు దారులు. ఎం.బి.బి.ఎస్. చేసి ఆపైన సైకియాట్రీలో ఎం.డి. చేయడం ఒకటి. మందులు రాసే అధికారం వీరిదే. సైకాలజీలో డిగ్రీ, పీజీ చేసి క్లినికల్ సైకాలజీలో శిక్షణ పొందడం రెండవది. పరీక్షలు పెట్టి నివేదిక రాసేది వీరు. ఇంటర్‌లో ఏ గ్రూపు వారైనా సైకాలజీ వైపు రావచ్చునని చాలామందికి తెలియదు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాదులో ఉస్మానియా సైకాలజీ చెబుతున్నాయి. క్లినికల్ శిక్షణకు బెంగుళూరులోని నిమ్హాన్స్ దేశంలోనే పేరు పొందినది. గాంధీనగర్‌లో జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం 2020లో ఏర్పడింది.

ఒక్క హెచ్చరిక. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే భారత పునరావాస మండలి, అంటే ఆర్.సి.ఐ.లో నమోదు కావాలి. కోర్సుల పేర్లు, నియమాలు ఈ మధ్య మారుతున్నాయి. ఫీజు కట్టేముందు ఆ కాలేజీ, ఆ కోర్సు ఆర్.సి.ఐ. జాబితాలో ఉన్నాయో లేదో చూసుకోండి. అంతా అయ్యాక విచారించడం కంటే ముందు ఒక ఉత్తరం రాయడం మేలు. తెలుగు బాగా రావడం ఈ పనిలో చిన్న విషయం కాదు. నిందితుడు గోదావరి యాసలో చెప్పే మాటను విని, దాని బరువు తెలిసి రాయగలవారు కావాలి.

తల్లిదండ్రులకు

1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అధ్యాపకుడు తన 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఫలితం అని ఒక్కొక్కరికీ ఒక కాగితం ఇచ్చాడు. మీ గురించి ఎంత సరిగ్గా ఉందో అయిదుకు మార్కు వేయమన్నాడు. సగటున 4.26 వేశారు. తరువాత చూస్తే అందరికీ ఇచ్చిన కాగితం ఒక్కటే! జాతకాల పుస్తకంలో నుంచి తీసిన మాటలే ఎక్కువ. పిల్లల భవిష్యత్తు చెబుతామంటూ సెల్‌ఫోన్లలో, కోచింగు సెంటర్లలో పెట్టే పరీక్షలకు డబ్బు కట్టేముందు ఈ సంగతి గుర్తు చేసుకోండి. మొండివాడు, అనుమానపు మనిషి అని పిల్లవాడికి తొందరపడి ముద్ర వేయకండి. హత్య కేసులో ముద్దాయికి కూడా అన్ని వైపుల నుంచీ విచారించి గానీ ముద్ర వేయకూడదని చట్టం అంటున్నప్పుడు, మన ఇంటి బిడ్డకు ఆ మాత్రం న్యాయం చేయాలి కదా.

చివరిగా, మానసిక జబ్బు ఉన్నవారందరూ ప్రమాదకరం అన్న భయం వద్దు. వారిలో అత్యధికులు ఎవరికీ హాని చేయరు, తామే బాధపడుతూ ఉంటారు. ఇంట్లో ఎవరైనా నిద్ర మాని, తమలో తాము మాట్లాడుకుంటూ, లేని శత్రువులను చూస్తూ ఉంటే పరువు పోతుందని దాచకండి. తాయెత్తు కట్టించినా సరే, దానితో పాటు ఆసుపత్రికి కూడా తీసుకెళ్లండి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్‌కు 14416 నంబరు మీద ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరును కరెంటు బిల్లు తగిలించే మేకు దగ్గరే గోడ మీద రాసి పెట్టుకోమని నా మనవి.